డ్యూటీలో వడదెబ్బ తగిలి కిడ్నీలు పాడైతే పింఛను ఇవ్వరా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. మావారు 2010లో ఆర్మీలో చేరారు. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని మహాజన్ ఫైరింగ్ రేంజ్‌లో ఎక్సర్‌సైజ్ జరుగుతుండగా వడదెబ్బ తగిలి పడిపోయారు. మిలిటరీ ఆసుపత్రిలో డయాలసిస్ చేసి బతికించారు కానీ కిడ్నీలు మామూలు స్థితికి రాలేదు. 2018లో మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యం అని రాసి ఇంటికి పంపేసింది. జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని రాయడంతో గ్రాట్యుటీ తప్ప పింఛను రాలేదు. అప్పీలు పెడితే కొట్టేశారు. "మీది ఉద్దానం కదా, అక్కడ కిడ్నీ జబ్బు మామూలే" అని ఆఫీసులో ఒకాయన అన్నారట. ఇన్నేళ్లయ్యాక కేసు వేయొచ్చా? నష్టపరిహారం అడగొచ్చా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వేయొచ్చమ్మా. మీవారి కేసులో బలం ఉంది. ఆ బలం ఉన్నదల్లా 2017 మే నాటి ఆసుపత్రి కాగితాల్లో. ముందుగా వాటిని చేతికి తెచ్చుకోవాలి.

మన దేశంలో జవాను డ్యూటీలో జబ్బుపడితే దొరికే అసలు పరిహారం వైకల్య పింఛను, అంటే డిజేబిలిటీ పెన్షన్. దానికి రెండు షరతులున్నాయి. వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. అది మిలిటరీ సర్వీసు వల్ల వచ్చిందైనా కావాలి, సర్వీసు వల్ల ముదిరిందైనా కావాలి. మొదటి షరతు గురించి మీకు బెంగ అక్కర్లేదు. గొడవంతా రెండోదాని మీదే. అందులో 'ముదిరింది' అన్న మాట మీకు చాలా ముఖ్యం. ఉద్దానంలో పుట్టినందువల్ల మీవారి కిడ్నీల్లో ముందే ఏదో బలహీనత ఉందని వాదన కోసం ఒప్పుకున్నా, ఎడారి ఎండలో చేయించిన డ్యూటీ దాన్ని ముదిరేలా చేసిందని తేలితే పింఛను ఇవ్వాల్సిందే.

ఊరి పేరు చెప్పి హక్కు లేదనడం నాకు బాధ కలిగించింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణమేంటో ఇప్పటికీ శాస్త్రవేత్తలే తేల్చలేదు. అక్కడ కనిపించే జబ్బు ఏళ్ల తరబడి చాపకింద నీరులా పెరుగుతుంది. మీవారికి జరిగింది అది కాదు. ఒళ్లు అలిసే పని చేస్తుండగా తగిలే వడదెబ్బలో శరీరం లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది, మనిషి తికమకపడతాడు లేదా స్పృహ తప్పుతాడు. కండరాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలకు అడ్డుపడుతుంది. మూత్రం కాఫీ డికాషన్ రంగులోకి మారుతుంది. గంటల్లో, రోజుల్లో కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ తేడా కేస్ షీట్ చూస్తే తెలిసిపోతుంది. ఎం.ఐ. రూమ్‌కు (యూనిట్‌లోని ప్రథమ చికిత్స గదికి) మోసుకొచ్చినప్పుడు ఉష్ణోగ్రత ఎంత రాశారు, సి.పి.కె. (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది) ఎంత, రోజురోజుకీ క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) ఎలా పెరిగింది, ఎన్నో రోజున డయాలసిస్ మొదలుపెట్టారు అన్నది చూడండి. 2010లో భర్తీ అయినప్పుడు మూత్ర పరీక్ష మామూలుగా ఉంది, తర్వాతి ఏడేళ్లలో కిడ్నీ గురించి ఒక్క ముక్క కూడా లేదు, వడదెబ్బ తగిలిన వారంలోనే క్రియాటినిన్ పైకి ఎగబాకింది అని వరసగా చూపిస్తే, ఉద్దానం వాదన నిలవడం కష్టం.

సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. భర్తీ సమయంలో జబ్బు ఉన్నట్టు రాయలేదంటే జవాను ఆరోగ్యంగానే చేరాడని భావించాలని, సర్వీసుతో సంబంధం లేదనే బోర్డు దానికి కారణాలు రాయాలని, సందేహం ఉంటే దాని లాభం జవానుకే ఇవ్వాలని ఆ తీర్పు సారాంశం. అయితే ఒక మెలిక ఉంది, ముందే చెప్పడం మంచిది. ఆ కేసు వైకల్య పింఛను అర్హతకు సంబంధించిన 1982 నాటి నిబంధనల కింద నడిచింది. మీవారు 2018లో బయటికొచ్చారు కాబట్టి 2008 నిబంధనలు వర్తిస్తాయి. సర్వీసులో ఉండగా జబ్బు బయటపడినంత మాత్రాన సర్వీసే కారణం అనుకోనక్కర్లేదని వాటిలో ఉంది. ప్రభుత్వ లాయరు ట్రిబ్యునల్‌లో ఆ వాక్యమే చదువుతారు. అందుకే తీర్పు మీద మాత్రమే ఆధారపడకుండా, వడదెబ్బకూ కిడ్నీలకూ ఉన్న లింకు కాగితాలతో చూపించమంటున్నాను. అవే నిబంధనల్లో మీకు అనుకూలమైన మాట కూడా ఉంది. మామూలుగా రుజువు భారం జవాను మీద ఉండదు. బయటికొచ్చిన 15 ఏళ్ల తర్వాత, రికార్డులు నాశనం చేసేశాక అడిగితేనే ఆ భారం అతని మీద పడుతుంది. మీకింకా ఆ గడువు దాటలేదు.

కాగితాల కోసం మీవారి పేరుతోనే రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. భర్తీ నాటి మెడికల్ ఫారం, 2017 నాటి కేస్ షీట్, డిశ్చార్జ్ సమ్మరీ, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ పూర్తి కాపీ, విచారణ జరిపి ఉంటే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ నివేదిక, అప్పీలు కొట్టేసిన ఉత్తర్వు, ఇవన్నీ పేరుపేరునా అడగండి. బోర్డు ప్రొసీడింగ్స్‌లో కమాండింగ్ ఆఫీసర్ అభిప్రాయం రాసిన పేజీ ఉంటుంది. డ్యూటీలో ఉండగా వడదెబ్బ తగిలిందని ఆయనే రాసి ఉంటే మీకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఆ రోజు పక్కనున్న తోటి జవాన్లు ఎవరైనా రిటైరై ఉంటే అఫిడవిట్ తీసుకోండి.

కేసు వేయాల్సింది సివిల్ కోర్టులో కాదు, సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో. సర్వీసు నుంచి బయటికొచ్చినవారు తామున్న ప్రాంతపు బెంచ్‌లోనే వేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు అది చెన్నై బెంచ్. అప్పీలు ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లో వేయాలన్నది చట్టం. మీకు అది దాటిపోయింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని వేరే అర్జీ జత చేయాలి. పింఛను నెలనెలా రావాల్సింది కాబట్టి ఆలస్యమైందని హక్కు మొత్తం పోదు. కానీ తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం పాత బకాయిలు సాధారణంగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లవే ఇస్తారు. అంటే మీరు ఆలోచిస్తూ గడిపే ప్రతి నెలా ఒక నెల బకాయి పోతూనే ఉంటుంది.

గెలిస్తే ఎంత వస్తుందంటే, బోర్డు రాసిన 40 శాతాన్ని 50గా లెక్కేస్తారు. బోర్డు ద్వారా ఇంటికి పంపినవారికి ఈ సౌకర్యం ముందునుంచీ ఉంది. 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో మామూలుగా రిటైరైనవారికీ వచ్చింది. ఈ పింఛనులో సర్వీసు భాగం, వైకల్య భాగం అని రెండుంటాయి. చివరి మూల వేతనం, మిలిటరీ సర్వీస్ పే కలిపి 32,000 అనుకుంటే, అందులో సగం 16,000 సర్వీసు భాగం. వైకల్య భాగం, వైకల్యం నూరు శాతమైతే ఆ 32,000లో 30 శాతం, అంటే 9,600; మీవారికి 50 శాతం కాబట్టి అందులో సగం 4,800. మొత్తం 20,800, ఆపైన కరువు భత్యం. పింఛను వస్తే ఇ.సి.హెచ్.ఎస్. (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుకూ అర్హత వస్తుంది. రేపు మళ్లీ డయాలసిస్ అవసరమైతే మీ ఇంటికి ఆ కార్డు ఎంత అవసరమో నేను చెప్పనక్కర్లేదు.

ఇక విడిగా నష్టపరిహారం సంగతి. వైద్యంలో నిర్లక్ష్యం రుజువైతే అదీ సాధ్యమే. మిలిటరీ ఆసుపత్రిలో ఎక్కించిన రక్తం వల్ల హెచ్.ఐ.వి. సోకిన వైమానిక దళ మాజీ ఉద్యోగికి 2023లో సుప్రీంకోర్టు కోటిన్నరకు పైగా ఇప్పించింది. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆసుపత్రివాళ్లు మీవారిని కాపాడారు. మీ శక్తి, డబ్బు పింఛను మీదే పెట్టండి.

లాయరు ఖర్చు టెన్షన్ అయితే శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి. డిశ్చార్జ్ బుక్, అప్పీలు ఉత్తర్వు వెంట తీసుకెళ్లండి. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం లాయరు దొరికేదాకా ఆపకుండా ఈ వారమే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.