డబ్లిన్ 14 హెన్రియెట్టా స్ట్రీట్ ఇంట్లో పెద్ద మెట్లు ఏమయ్యాయి?

యజమానే పీకించేశాడు. 1740ల చివర్లో ల్యూక్ గార్డినర్ దొరల కోసం కట్టించిన ఇటుక వరుస ఇళ్లలో ఇదొకటి. 1801లో ఐరిష్ పార్లమెంటు రద్దయ్యాక దొరల డబ్బు క్రమంగా లండన్ దారి పట్టింది. 1877లో థామస్ వాన్స్ దీన్ని కొని 19 వాటాలు చేశాడు. ముందు హాల్లోని మెట్లు తీసేస్తే అద్దెకు మరిన్ని గదులొస్తాయి కదా! ఇక అందరికీ వెనక మెట్లే దిక్కు. 1911 జనాభా లెక్కలనాటికి ఇక్కడ 17 కుటుంబాలు, 100 మంది.

నడవ గోడలకు ఎర్రరంగు, నీలిరంగు పూసేవారు. ఆ నీలం బట్టలకు పెట్టే నీలిమందు రంగే. మరమ్మతుల్లో మాత్రం జాగ్రత్త: ఇలాంటి పాత ఇటుక సందుల్లో సున్నమే నింపాలి. సిమెంటు పెడితే తడి బయటికి పోలేక ఇటుకే పెచ్చులూడుతుంది.