‘ద’ ఎందుకు వినబడట్లేదంటే
‘గ’ అంటున్న పెదాల వీడియోకు ‘బ’ శబ్దం జోడిస్తే చాలామందికి ‘ద’ వినిపిస్తుంది, దీన్నే మెక్‌గర్క్ ప్రభావం అంటారు. మీ ప్రయోగంలో అది రాకపోవడానికి చుక్కల లెక్కే కారణం అయ్యుంటుంది. పెదాలు ‘గ’, శబ్దం ‘బ’ పెట్టినా విజయనగరం కాలేజీలో మీ పిల్లలందరూ ‘బ’ అనే రాశారన్నారు. చూపు నిలవాలని ముఖం మీద కదిలే చుక్కల్ని లెక్కపెట్టమన్నారు కదా, అదే దెబ్బ తీసింది. కళ్లు తెర మీదే ఉన్నా ధ్యాస చుక్కలకు పోతే పెదాల ప్రభావం తగ్గిపోతుంది. 2004లో ఫిన్లాండ్ పరిశోధకులు ముఖం మీదుగా తేలే ఆకును గమనించమన్నప్పుడూ ఇలాగే తగ్గింది.

1. చుక్కలు ఉంచండి, లెక్క మాన్పించండి. “నోరు చూస్తూ, విన్నది రాయండి” అనండి చాలు.
2. వీడియోలో అసలు ‘గ’ శబ్దం మొదలైన చోటే, మీరు జోడించిన ‘బ’ మొదలవ్వాలి.
3. జవాబుగా ‘ద’ రాసినా, ‘డ’ రాసినా పెదాల ప్రభావం పడినట్టే తీసుకోండి.

కొందరికి అప్పటికీ ‘బ’యే వినిపిస్తుంది, వాళ్ల జవాబులు తీసేయకండి.