నిపుణులు చెప్పినా జనం ఎందుకు నమ్మరు? భద్రాచలం వైపు చూసిన సంగతి

"శాస్త్రవేత్తలు తేల్చాక ప్రభుత్వం అమలు చేస్తే చాలదా, జనాన్ని అడగడమెందుకు" అని కొందరు అంటుంటారు. చాలదు. భద్రాచలం ఏజెన్సీలో పాఠాలు చెప్పినవాడిగా కారణం చెబుతాను.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. సుమారు 14 వేల మందికి. అది ఒక అధ్యయనమని చాలా ఇళ్లలో తెలియదు. పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఇదే అధ్యయనం జరిగిన గుజరాత్‌తో కలిపి ఏడు మరణాలు. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి కారణాలనీ, టీకాతో సంబంధం కనిపించలేదనీ విచారణలో తేలింది. అసలు తప్పు కాగితాల్లో బయటపడింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నాయని 2013లో పార్లమెంటరీ సంఘం నివేదిక చెప్పింది.

ఊళ్లలో ఆ నివేదిక ఎవరూ చదవలేదు. వార్డెన్ సంతకం సంగతి మాత్రం అందరికీ తెలుసు.

2017 ఆగస్టులో మీజిల్స్ (తట్టు)–రుబెల్లా టీకా మా బడికి వచ్చింది. జబ్బు వేరు, టీకా వేరు. అయినా తల్లిదండ్రుల సమావేశంలో మొదటి ప్రశ్న "ఇది ఆ టీకాయేనా సార్?" డాక్టరుగారు శాతాలతో సహా చాలాసేపు వివరించారు. ఎవరూ కిక్కురుమనలేదు. చివరికి ఒక తల్లి, "రాత్రి పిల్లకు జ్వరమొస్తే ఎవరొస్తారు?" అంది. ఆయన దగ్గర దానికి జవాబు లేదు. ఊళ్లో టీకాలు వేసే నర్సు (ఏఎన్‌ఎం) లేచి తన ఫోన్ నంబరు బోర్డు మీద రాసింది. టీకా రోజున సీసా మీది గడువు తేదీ చదివి వినిపించి, సిరంజి కవరు వాళ్ల ఎదుటే చింపింది. పిల్లల ఎడమ బొటనవేలికి సిరా గుర్తు పెట్టి అరగంట వరండాలో కూర్చోబెట్టారు. ఆ తల్లీ అంతసేపూ పక్కనే కూర్చుంది. వెళ్తూ, చిన్నవాణ్ణి ఎప్పుడు తీసుకురమ్మంటారని అడిగింది.

"జనానికి సైన్స్ తెలియదు" అనే మాట అందుకే నాకు మింగుడుపడదు. టీకా పనిచేస్తుందా లేదా అన్నది నిపుణులే చెప్పాలి, చేతులెత్తించి తేల్చే విషయం కాదది. కానీ ముందు ఎవరి పిల్లలకు వేయాలి, ఎవరి అనుమతితో వేయాలి, నష్టం జరిగితే ఎవరు బాధ్యులు అన్నవి ఆ తల్లి కూడా కూర్చుని తేల్చాల్సినవి. తల్లిదండ్రులు దగ్గర లేని హాస్టల్ పిల్లల్ని వరుసలో నిలబెట్టడంలో శాస్త్రమేమీ లేదు, ఉన్నదల్లా వేసేవాళ్ల వెసులుబాటు.

అదే హెచ్‌పీవీ టీకాను సిక్కిం 2018లో బడుల ద్వారా వేసింది. ముందుగా టీచర్లతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. అర్హులైన బాలికల్లో 95 శాతానికి పైగా వేయించుకున్నారు. 9–14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. మా వైపు వేసేటప్పుడు 2009 సంగతిని డాక్టర్లే ముందుగా ఎత్తాలి. దాచిపెడితే వాట్సాప్‌లో ఏడు మరణాలూ తిరుగుతాయి, వాటి కారణాలు మాత్రం తిరగవు.