ర్యాగింగ్ జరిగి పది నెలలైంది, ఇప్పుడు ఫిర్యాదు చేస్తే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో చేరి హాస్టల్లో ఉండేవాడు. గత సెప్టెంబర్‌లో ఒక రాత్రి నలుగురు సీనియర్లు వాడిని తమ గదికి పిలిచి, తలుపు గడియ పెట్టి, తెల్లవారేదాకా గోడకుర్చీ వేయించారు. చెంపల మీద కొట్టారు. ఆ తరువాత బెదిరించి మూడుసార్లు ఫోన్ ద్వారా డబ్బు వేయించుకున్నారు. డిసెంబర్‌లో నేను, అబ్బాయి వెళ్లి ప్రిన్సిపాల్‌కు మొర పెట్టుకుంటే మాట్లాడతానన్నారు. మరునాడే వార్డెన్ వాడి చేత ‘స్నేహితుల మధ్య చిన్న గొడవ, ర్యాగింగ్ జరగలేదు’ అని కాగితం రాయించుకున్నారు. సీనియర్లు పంపిన మెసేజీలు చూసి వాడు కుమిలిపోతుంటే నేనే చాలావరకు చెరిపేయించాను. రెండు స్క్రీన్‌షాట్లు వాళ్ల అమ్మ ఫోన్లో మిగిలాయి. మూడు వారాలుగా వాడు ఇంట్లోనే ఉన్నాడు, కాలేజీ పేరెత్తితే ఏడుస్తున్నాడు. పాత సంగతి పోలీసులు తీసుకోరు కాబట్టి పోయిన వారమే జరిగినట్లు రాసి ఇవ్వమని మా బావమరిది సలహా ఇస్తున్నాడు. ఏం చేయమంటారు? కట్టిన ఫీజు, సర్టిఫికెట్లు తిరిగి వస్తాయా?

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల ఉత్తరంలో మీ అబ్బాయి పడిన బాధ గురించి మూడు పేజీలున్నాయి. అయితే ఈ కేసును తేల్చేది ఆ బాధ కాదు. వార్డెన్ దగ్గర మీ అబ్బాయి స్వదస్తూరీతో ఉన్న కాగితాన్ని ఎదుర్కోగలిగిన, ఆనాటి రాతపూర్వకమైన సాక్ష్యం మీ వద్ద ఏముంది అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మీ ఉత్తరంలోనే, మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన చోట ఉంది. ఫోన్ ద్వారా మూడుసార్లు డబ్బు వేయించుకున్నారని రాశారు. ఆ మూడు చెల్లింపులూ ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరి ఖాతాకు వెళ్లాయో బ్యాంకు లెక్కల్లో ఉంటుంది. దానిని వార్డెనూ మార్చలేరు, మీరూ చెరిపివేయలేరు. తోటి విద్యార్థులు భయపడి మాట మార్చినా బ్యాంకు స్టేట్‌మెంట్ మాట మార్చదు.

ముందుగా కాలపరిమితి సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం, 1997 రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అమలులో ఉంది. దానిలోని 4వ సెక్షన్ ప్రకారం ఏడిపించడం, అవమానించడం వంటి వాటికి ఆరు నెలల వరకు, దౌర్జన్యానికి, బెదిరింపుకు ఏడాది వరకు, అక్రమంగా నిర్బంధించినా గాయపరచినా రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 514వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు శిక్ష ఉన్న నేరాలకు కాలపరిమితి ఒక సంవత్సరం, ఏడాది దాటి మూడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాలకు మూడు సంవత్సరాలు. తలుపు గడియ పెట్టి తెల్లవారేదాకా ఉంచడం నిర్బంధమే కాబట్టి దానికి మీకు ఇంకా రెండేళ్లకు పైగా గడువుంది. అవమానం, బెదిరింపు వంటి చిన్న నేరాలను దానితో కలిపి విచారించగలిగితే పెద్ద నేరానికి ఉన్న గడువే వాటికీ వర్తిస్తుంది. కలపడానికి వీలు కాదని కోర్టు భావిస్తే మాత్రం వాటి గడువు రానున్న సెప్టెంబర్‌తో ముగుస్తుంది. బెదిరించి డబ్బు గుంజడమైతే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 308వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరం కాబట్టి దానికి ఈ కాలపరిమితి వర్తించదు. గడువు లెక్కకు పోలీసులు మీ సమాచారాన్ని నమోదు చేసిన తేదీయే ప్రమాణమని 514వ సెక్షన్ వివరణలో స్పష్టంగా ఉంది. డిసెంబర్‌లో మీరు ప్రిన్సిపాల్‌తో నోటిమాటగా చెప్పిన దానికి ఈ లెక్కలో చోటు లేదు.

అందువల్ల మీ బావమరిది చెప్పిన పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. అది తప్పు మాత్రమే కాదు, అవసరమే లేని తప్పు. మూడు వారాలుగా మీ అబ్బాయి ఇంట్లో ఉన్నాడని హాస్టల్ రిజిస్టర్, తరగతి హాజరు పట్టిక, వాడి ఫోన్ లొకేషన్ అన్నీ చెబుతాయి. పోయిన వారం కొట్టారని రాసిన ఫిర్యాదు మొదటి రోజే కూలిపోతుంది, దానితోపాటు నిజంగా జరిగిన సెప్టెంబర్ రాత్రి కూడా అబద్ధాల జాబితాలో చేరిపోతుంది. పైగా న్యాయ సంహితలోని తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 217, తప్పుడు నేరారోపణ చేసినందుకు 248 సెక్షన్ల కింద మీ మీదే చర్యకు దారి తెరుచుకుంటుంది. నిజం మీ వైపు ఉన్న కేసును చేజేతులా చెడగొట్టుకోవద్దు.

ఇక మీ నిర్లక్ష్యం గురించి చెప్పక తప్పదు. పది నెలల్లో ఒక్క కాగితం ముక్క మీద కూడా ఫిర్యాదు రాసి, అందినట్లు సంతకం తీసుకోలేదు. కొడుకు చేత కాగితం రాయించుకున్నారని తెలిసిన రోజే అది ఒత్తిడితో రాయించినదని ప్రిన్సిపాల్‌కు లేఖ పంపవలసింది, పంపలేదు. అన్నిటికంటే దారుణం మెసేజీలను చెరిపించడం. మీది తండ్రి మనసే కావచ్చు, కానీ ముద్దాయిలు చేయవలసిన పనిని వారి తరఫున మీరే చేసిపెట్టారు. ఇకపై ఆ ఫోన్‌ను ముట్టుకోకండి, పోయినవాటిని తిరిగి తెప్పిస్తామనే యాప్‌లు వేయకండి. దానిని పక్కన పెట్టి దర్యాప్తు అధికారికి రశీదు తీసుకుని అప్పగించండి. ఫోరెన్సిక్ పరీక్షలో కొన్ని బయటపడవచ్చు, అవతలివారి ఫోన్లలో అవే మెసేజీలు ఉండనూ వచ్చు. తల్లి ఫోన్లోని స్క్రీన్‌షాట్లను కత్తిరించకుండా, వాటి మీద గీతలు గీయకుండా అలాగే ఉంచండి. వాటిని కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. స్క్రీన్‌షాట్ వచ్చిన వేళ, బ్యాంకు నుంచి డబ్బు వెళ్లిన వేళ పక్కపక్కన పెట్టి చూడండి. బెదిరింపు వచ్చిన కాసేపటికే డబ్బు కదిలినట్లు కనిపిస్తే ‘అప్పు తీర్చాడు’ అనే వాదన నిలవడం కష్టం.

వార్డెన్ వద్ద ఉన్న కాగితం మీ కేసును మూసివేయదు. అయితే అబ్బాయి సాక్ష్యమిచ్చే రోజున డిఫెన్స్ న్యాయవాది ముందుగా అతని చేతిలో పెట్టేది అదే. కాబట్టి ఆ కాగితం సంగతిని దాచకుండా మొదటి ఫిర్యాదులోనే రాయాలి. ఏ గదిలో, ఎవరెవరు ఉండగా, ఏ మాటలు చెప్పి రాయించారో, రాయకపోతే ఏమవుతుందన్నారో అన్నీ ఉండాలి. ఈ వివరణ మొదటిసారి బోనులోనే బయటికి వస్తే తరువాత అల్లిన కథగా కనిపిస్తుంది.

ఫిర్యాదు మీ అబ్బాయి పేరుతోనే, వాడికి తెలిసిన మేరకే, గుర్తులేని తేదీని గుర్తులేదనే రాసి ఇవ్వాలి. కళాశాల ఉన్న ఊరికే వెళ్లనక్కరలేదు. సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా మీ ఊరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. స్టేషన్‌లో నిరాకరిస్తే అదే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. అదే రోజు ప్రిన్సిపాల్‌కు, కళాశాల యాంటీ ర్యాగింగ్ కమిటీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపండి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ర్యాగింగ్ నిరోధానికి చేసిన 2009 నిబంధనల ప్రకారం నేరం జరిగినట్లు సమాచారం అందిన 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యత కళాశాల అధిపతిదే. 1997 చట్టం 6వ సెక్షన్ వెంటనే విచారణ జరపమంటుంది. దానిని నిర్లక్ష్యం చేసిన అధిపతిని 7వ సెక్షన్ నేరానికి ప్రోత్సాహకుడిగానే పరిగణిస్తుంది. అయితే ఆయనను ఆ సెక్షన్ కిందకు తేవాలంటే డిసెంబర్‌లో ఫిర్యాదు ఆయనకు చేరిందని మీరు చూపాలి. ఆ రోజు గేటు దగ్గర సందర్శకుల రిజిస్టర్లో మీరు సంతకం పెట్టి ఉంటే దానిని స్వాధీనం చేసుకోమని దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా కోరండి. ప్రిన్సిపాల్‌కు మీరు చేసిన కాల్స్ వివరాలు కూడా జతచేయండి. పది నెలల నాటి సీసీ కెమెరా దృశ్యాల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఫిర్యాదు వెళ్లగానే కళాశాల నుంచి రాజీ కబురు వస్తుంది. ఈసారి అబ్బాయిని ఒంటరిగా ఏ గదిలోకీ పంపకండి, ఏ కాగితం మీదా సంతకం చేయనివ్వకండి. ఈ పది నెలల్లో వైద్యుడికి చూపించి ఉంటే ఆ చీటీలు భద్రపరచండి, చూపించకపోతే ఇప్పుడైనా చూపించండి. అది కేసు కోసం కంటే ముందు వాడి కోసం.

సర్టిఫికెట్లను కళాశాల తన వద్ద ఉంచుకోకూడదని యూజీసీ 2018లో జారీ చేసిన నోటిఫికేషన్ స్పష్టం చేస్తోంది కాబట్టి వాటిని లిఖితపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే యూజీసీకి ఫిర్యాదు చేయండి. ఫీజు విషయం అంత సులువు కాదు. అదే నోటిఫికేషన్ ప్రకారం చివరి ప్రవేశ తేదీ దాటిన నెల రోజుల తరువాత మానేస్తే తిరిగి వచ్చేదేమీ ఉండదు. కాబట్టి ఫీజు కోసం తొందరపడి టీసీ తీసుకోకండి. వాడు ఆ కళాశాల విద్యార్థిగా ఉండగానే యాంటీ ర్యాగింగ్ కమిటీ ముందు హాజరు కావడం మంచిది. చదువు ఎక్కడ కొనసాగించాలో విచారణ తరువాత వాడినే నిర్ణయించుకోనివ్వండి.