తొలి కాన్పు కోసం పీహెచ్‌డీ మానాలా?

ప్రశ్న: మా అమ్మాయి కాకతీయ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉంది, సీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ఫెలోషిప్ వస్తోంది. అల్లుడు కరీంనగర్‌లో అధ్యాపకుడు. ఆమెకిప్పుడు మూడో నెల. ఎమ్మెస్సీ నుంచి కలిసి ఉన్న ఐదుగురు మిత్రుల్లో ఒకరు జీడిమెట్లలో మందుల కంపెనీలో చేరారు, ఒకరు జర్మనీ వెళ్ళారు, మరో ఇద్దరు పెళ్ళి చేసుకుని ఇక్కడే పరిశోధన చేస్తున్నారు. వాళ్ళు సాయముంటారు, మాననంటోంది. మానేసి, బిడ్డ కాస్త పెద్దయ్యాక ఉద్యోగం చూసుకొమ్మని మేమంటున్నాం. ఏది మంచిది? – ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: తొలిచూలు బిడ్డ మీద తండ్రికి ఉండే బెంగ నాకు తెలుసు. అయినా ఈ విషయంలో మీ అమ్మాయి నిర్ణయమే సరైనదని నేను నమ్ముతున్నాను. మూడేళ్ళ పనిని సగంలో వదిలేస్తే చేతిలో మిగిలేది ఎమ్మెస్సీ పట్టా మాత్రమే. నాలుగేళ్ళ తరువాత అదే అంశాన్ని అదే ల్యాబులో మళ్ళీ అందుకోవడం చాలా కష్టం.

మానకుండా ఆగే వీలు నిబంధనల్లోనే ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పరిశోధన మొత్తం కాలంలో మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు 6 ఏళ్ళు కాగా, పునర్నమోదుతో మరో 2 ఏళ్ళు, మహిళలకు అదనంగా ఇంకో 2 ఏళ్ళు, మొత్తం 10 ఏళ్ళకు మించకుండా పొడిగించుకోవచ్చు. ప్రసూతి సెలవులో ఫెలోషిప్ పూర్తిగా అందుతుంది. అయితే 240 రోజుల్లో ఎన్నింటికి డబ్బు వస్తుందో, ఎన్నింటికి రాదో విశ్వవిద్యాలయ కార్యాలయంలో ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఫెలోషిప్‌లో పై దశ అయిన ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మారి ఉంటే నెలకు 42,000 రూపాయలు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

సెలవు కన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. కర్బన రసాయన శాస్త్రం ల్యాబులో టోలీన్, డైమీథైల్ ఫార్మమైడ్ వంటి ద్రావకాలు గర్భస్థ శిశువుకు హాని చేయగలవు. మిశ్రమంలోని పదార్థాలను వేరు చేయడానికి గాజు గొట్టంలో సిలికా పోసి కాలమ్ కట్టి, దాని నుంచి పట్టిన ఫ్రాక్షన్లను (విడివిడి భాగాలను) ఒక్కొక్కటిగా, ఏ పదార్థం ఎక్కడ వచ్చిందో చూపే టీఎల్‌సీ ప్లేటు మీద చుక్క పెట్టి యూవీ దీపం కింద చూస్తూ నాలుగైదు గంటలు నిలబడడం ఆమెకు ఇన్నాళ్ళూ రోజువారీ పని కావచ్చు. ఇప్పుడు మాత్రం అది తగదు. గర్భం సంగతి ఈ వారమే గైడ్‌కు, డాక్టర్‌కు చెప్పి, వాడే రసాయనాల జాబితాను డాక్టర్‌కు చూపించమనండి. ఈ నెలల్లో స్పెక్ట్రాల (పదార్థాల నిర్మాణం తెలిపే యంత్రపు రికార్డుల) విశ్లేషణ, సాహిత్య సమీక్ష, అయిపోయిన పని మీద పేపరు రాయడం వంటివి కూర్చుని చేసుకోవచ్చు, వాటికి కొదవ ఉండదు.

ఇక మిత్రుల మాట. వాళ్ళను మీరు కాలక్షేపం జట్టుగా చూస్తున్నట్టు మీ ఉత్తరంలో కనిపించింది. నాకు మాత్రం మీ అమ్మాయికి ఉన్న పెద్ద అండ అదేననిపిస్తోంది. రాత్రంతా నడిచే రసాయన చర్యను పొద్దున్నే వెళ్ళి ఆపి, ప్లేటు ఫోటో పంపే మనిషి దగ్గర్లో ఉండడం అందరికీ దొరికే అదృష్టం కాదు. జీడిమెట్లలోని వారు కంపెనీలో పని ఎలా ఉంటుందో, పీహెచ్‌డీ ఉంటే ఏ స్థాయిలో చేరవచ్చో ఉన్నదున్నట్టు చెప్పగలరు. కానీ స్నేహం మీదే భారమంతా వేయడం మంచిది కాదు. ఎవరు ఏ ప్రయోగం చేస్తారో, పేపరులో ఎవరి పేరు ముందుంటుందో గైడ్ సమక్షంలో ఇప్పుడే రాసుకోవాలి; ఇతరులు చేసిన పనిని థీసిస్‌లో వారి పేరుతోనే చెప్పాలి. ఆ దంపతులకు రేపు బిడ్డ పుట్టినప్పుడు మీ అమ్మాయి కూడా వారికి అదే విధంగా నిలబడవలసి ఉంటుందని ఆమె ఇప్పటినుంచే మనసులో పెట్టుకోవాలి.

తొలి కాన్పుకు ఎలాగూ పుట్టింటికి తెచ్చుకుంటారు. మీ ఇల్లు విశ్వవిద్యాలయానికి దగ్గరే. తొట్టెల వేడుక అయ్యాక వెంటనే అత్తవారింటికి పంపకుండా, సెలవు ముగిసి ఆమె తిరిగి ల్యాబుకు అలవాటు పడేదాకా మీ దగ్గరే ఉంచుకోగలరేమో ఆలోచించండి. వారాంతాల్లో అల్లుడు వచ్చి బిడ్డ పని తానే చూసుకోవాలి. వచ్చే ఆదివారం ఆయనను కూడా పిలిచి ఈ మాటలన్నీ కూర్చుని మాట్లాడండి. పగలు ఆరు గంటలు పసిబిడ్డను చూసుకోవలసి వచ్చేది మీ శ్రీమతిగారే కాబట్టి, ఆమె ఆరోగ్యం ఎలా ఉందో, ఆమెకు ఇష్టమో కాదో అందరికన్నా ముందు ఆమెనే అడగండి.