రౌటర్‌ను వదలండి, ఛానెల్ రకం చూడండి

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కోసం స్ప్రింగ్ ఇంటిగ్రేషన్‌తో (జావా ప్రోగ్రాం భాగాల మధ్య మెసేజ్‌లు చేరవేసే ఫ్రేమ్‌వర్క్) ప్రోగ్రాం రాశాం. వేబ్రిడ్జి టికెట్ మీదున్న కాయ రకాన్ని బట్టి రౌటర్ అనే భాగం, ఆ టికెట్ మెసేజ్ పోవాల్సిన దారిని, అంటే ఛానెల్‌ను ఎంచుకుంటుంది. తోతాపురి ఛానెల్‌కు మెసేజ్ అందుకుని పనిచేసే రెండు హ్యాండ్లర్లు ఉన్నాయి. ఒకటి టికెట్‌ను డేటాబేస్‌లో ఎక్కిస్తుంది, రెండోది రైతుకు ఎస్సెమ్మెస్ పంపుతుంది. సగం టికెట్లు డేటాబేస్‌లో కనబడవు, మిగతా సగానికి ఎస్సెమ్మెస్ వెళ్లదు. ఎర్రర్ కూడా రాదు. రౌటర్‌లో లోపమా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రౌటర్ సరిగ్గానే ఉంది. ఏ ఛానెల్‌లో వేయాలో తేల్చి అందులో వేయడంతో దాని పని అయిపోతుంది. ఆ తర్వాత ఎంతమందికి అందాలో నిర్ణయించేది ఛానెల్ రకం. రకం చెప్పకపోతే ఫ్రేమ్‌వర్క్ డైరెక్ట్ ఛానెల్‌ను పెడుతుంది. అది ఒక్కో మెసేజ్‌ను ఒక్క హ్యాండ్లర్‌కే, వంతులవారీగా ఇస్తుంది. అందుకే మొదటి టికెట్ డేటాబేస్‌కు, రెండోది ఎస్సెమ్మెస్‌కు, మూడోది మళ్లీ డేటాబేస్‌కు పోతోంది. దీన్లో ఇంకో ప్రమాదం ఉంది. ఎస్సెమ్మెస్ హ్యాండ్లర్ విఫలమైతే ఛానెల్ అదే మెసేజ్‌ను డేటాబేస్ హ్యాండ్లర్‌కు ఇస్తుంది, అది సాఫీగా ముగిస్తే పంపినవాళ్లకు ఎక్సెప్షన్ (పని విఫలమైందని ప్రోగ్రాం విసిరే ఎర్రర్) చేరదు.

ఆ ఛానెల్‌ను పబ్లిష్ సబ్‌స్క్రైబ్ ఛానెల్‌గా మార్చండి. అది ఒక్కో మెసేజ్‌ను హ్యాండ్లర్లన్నిటికీ ఇస్తుంది. రౌటర్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఎగ్జిక్యూటర్ (పనుల్ని వేరే థ్రెడ్‌లలో నడిపించేది) ఇవ్వకపోతే హ్యాండ్లర్లు ఒకే థ్రెడ్‌లో ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, మొదటిది ఎక్సెప్షన్ విసిరితే రెండోదానికి మెసేజ్ చేరదు. కాబట్టి డేటాబేస్ హ్యాండ్లర్‌కు ఆర్డర్ 1, ఎస్సెమ్మెస్‌కు 2 ఇవ్వండి. అప్పుడు ఎస్సెమ్మెస్ గేట్‌వే మొరాయించినా డేటాబేస్‌లో ఎక్కించే పని ముందే అయిపోయి ఉంటుంది. ఒక్క షరతు: రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ అవ్వాలి, లేదా అన్నీ రద్దవ్వాలి అనే పనుల కట్ట) ఉండకూడదు. ఉంటే ఎస్సెమ్మెస్ ఎక్సెప్షన్‌తో డేటాబేస్ పని కూడా వెనక్కి పోతుంది.

ప్రశ్న: కొందరు గుమాస్తాలు తోతాపురిని ‘బెంగళూరా’ అని కొడుతున్నారు. ఆ టికెట్ వస్తే ఎక్సెప్షన్ పడుతోంది.

జవాబు: మ్యాపింగ్‌లో, అంటే ఏ పేరుకు ఏ ఛానెల్ అనే రౌటర్ జాబితాలో, రెండు పేర్లనూ ఒకే ఛానెల్‌కు కట్టండి. టికెట్ మీది పేరు జాబితాలోని పేరుతో అక్షరం అక్షరం కలవాలి, చివర ఒక్క స్పేస్ ఉన్నా కలవదు. అందుకే రౌటర్‌కు చేరకముందే ఆ స్పేస్‌లను ట్రిమ్ చేయించండి. ఇవి కాక వేరే పేరు వస్తే ‘గుర్తించని రకం’ అనే ఛానెల్‌ను డిఫాల్ట్ అవుట్‌పుట్ ఛానెల్‌గా పెట్టి, అందులో పడ్డవి మనిషి చూసేలా చేయండి. స్ప్రింగ్ ఇంటిగ్రేషన్ వెర్షన్ 6.0 నుంచి ఇంతే చాలు. 5లో ఉంటే రౌటర్‌లోని రిజల్యూషన్ రిక్వైర్డ్‌ను (పేరుకు ఛానెల్ దొరికి తీరాలనే సెట్టింగ్) ఫాల్స్ కూడా చేయండి. డిఫాల్ట్ ఛానెల్ లేకుండా ఆ ఫాల్స్ ఒక్కటే పెడితే మాత్రం ఎక్సెప్షన్ పోదు, దాని పేరు మారుతుందంతే.