టైప్ స్పెసిమెన్ ‘మాదిరి’ అవుతుందా?

సందేహం: మా బడి పత్రిక కోసం పీతల మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఒక జాతి పేరుకు ఆధారంగా మ్యూజియంలో దాచే ప్రాణిని, అంటే ‘టైప్ స్పెసిమెన్’ను, ‘మాదిరి పీత’ అని రాశాను. సరేనా? ‘తీరపు పీత, కార్సినస్ మీనాస్ (లిన్నేయస్, 1758)’ అన్నచోట బ్రాకెట్లు తీసేయవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, శ్రీకాకుళం

సమాధానం: ‘మాదిరి’ వద్దమ్మా. మాదిరి ప్రశ్నపత్రం చూసిన పిల్లలు అసలు పేపరూ అలాగే వస్తుందని ఆశపడతారు. టైప్ స్పెసిమెన్‌కి అలాంటి పూచీ ఏమీ లేదు. దానికి ఒక డెక్క ఊడిపోయి ఉండొచ్చు, స్పిరిట్‌లో నాని రంగు పోయి ఉండొచ్చు, ఆ జాతిలో మరీ పొట్టిదైనా కావచ్చు. అయినా పేరు దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. ఒకే పేరు కింద రెండు జాతులు కలిసిపోయాయని రేపు తేలిందనుకోండి, ఆ సీసాలోని పీత ఏ జాతిదైతే పాత పేరు ఆ జాతికే దక్కుతుంది. రెండోదానికి వేరే పేరు చూసుకోవాలి.

అందుకని ‘ఆధార నమూనా’ అనండి. స్పెసిమెన్‌ను నమూనా అనడం మనకు అలవాటే. పేరుకు ఆధారమని కూడా తెలుస్తుంది. దీనిలో రకాలకు మాత్రం తెలుగు కట్టే శ్రమ వద్దు, పిల్లలకు నోరు తిరగని సమాసాలే మిగులుతాయి. జాతిని వర్ణించినవారే ఒక్కదాన్ని చూపితే హోలోటైప్, కొన్నిటిని కలిపి చూపితే సిన్‌టైప్‌లు. వాటిలోంచి తర్వాత ఒకదాన్ని ఎంచితే లెక్టోటైప్. అసలేవీ మిగలక, అవసరపడి కొత్తగా నిలబెట్టేది నియోటైప్.

‘తీరపు పీత’ అని వదిలేస్తే మీ పిల్లలు కళింగపట్నం ఇసుకలో కన్నాలు చేసుకునే పీత అనుకుంటారు. ఇది ఐరోపాది. ‘ఐరోపా తీరపు పీత’ అనండి. ‘మీనాస్’ చూసి చేప సంగతా అని ఎవరైనా అడగొచ్చు కూడా! గ్రీకు గాథల్లో ఒళ్లు తెలియని పూనకంతో తిరిగే స్త్రీ పేరది.

బ్రాకెట్లు ముట్టుకోకండి. 1758లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు క్యాన్సర్ మీనాస్. 1814లో లీచ్ అనే మరో శాస్త్రవేత్త కార్సినస్ ప్రజాతిని (జీనస్‌ను, అంటే దగ్గరి జాతుల గుంపును; పేరులో మొదటి మాట దానిదే) ఏర్పరిచాక ఇది అందులోకి చేరింది. జాతికి పేరు పెట్టింది లిన్నేయసే, ప్రజాతి మాత్రం తర్వాత మారింది అని ఆ బ్రాకెట్ల అర్థం. ప్రజాతి మారని జాతులకు అవి ఉండవు. కాబట్టి మీ వ్యాసంలో ఒక పేరుకు బ్రాకెట్లుండి ఇంకోదానికి లేకపోతే అచ్చుతప్పనుకుని సరిచేయకండి.